బిల్లులో లేని పాఠం – గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం



వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవిత చరిత్ర వేసుకోవడం మనకు ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, సావిత్రిబాయి గారి గురించి ఎన్నిసార్లు చదువుకున్నా తనివి తీరదు. ఈసారి మాత్రం మేము గిడుగు రామమూర్తి పంతులు గారిని ఎంచుకున్నాము. ప్రతి ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, ఆయన పటానికి దండ వేస్తాము. వాడుక భాష కోసం పోరాడారని నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటాము. కానీ ఆయన జీవితంలో మనలాంటి హాస్టల్ పిల్లలకు పనికివచ్చే మరో సంగతి ఉంది. చదువు చెప్పినవారి కష్టానికి ఎవరు, ఎలా లెక్క కట్టాలన్నదే ఆ సంగతి. అది మాకు ఎందుకు పట్టిందో ముందుగా చెప్పుకోవాలి.

మా ప్రాజెక్టు, మా సార్

మేము నలుగురం. ఇద్దరిది తాండూరు పక్క పల్లెలు, ఇద్దరిది వికారాబాద్ వైపు. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు చేయాలన్నారు. తాండూరు అంటే నాపరాయి, కందిపప్పు. మాలో ఒకరి నాన్న బండల పాలిషింగ్ యూనిట్‌లో కూలీ. అందుకని ఆ పనివారి ఇంటి ఆదాయం, ఖర్చులు రాద్దామనుకున్నాము. అనుకోవడమైతే అనుకున్నాము గానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఏమి అడగాలో మాకు తెలియదు. ఇంట్లో అడుగుదామంటే మా నలుగురి ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

మాకు గైడుగా ఉన్న సార్ గెస్ట్ లెక్చరర్. చెప్పిన పీరియడ్‌కు ఇంత అని లెక్క కట్టి ఇచ్చే ఉద్యోగం. ఆయన ఆదివారాలు వికారాబాద్ నుంచి రైలెక్కి తాండూరు వచ్చేవారు. మాతో పాటు కూలీల ఇళ్లకు తిరిగేవారు. మేము మొదట రోజు కూలిని 26 రోజులతో గుణించి నెల ఆదాయం అని రాసుకొచ్చాము. ఆయన దాని మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టారు. పని దొరకని రోజులెన్నో, కరెంటు పోయి మిషన్ ఆగిన రోజులెన్నో, ఒంట్లో బాగాలేక మానుకున్న రోజులెన్నో అడిగి రమ్మన్నారు. మళ్లీ ఇల్లిల్లూ తిరిగాము. లెక్క పూర్తిగా మారిపోయింది. మా సొంత ఇంటి లెక్క మాకే అప్పుడు అర్థమైంది. ఆ ప్రాజెక్టును ఆయన మూడుసార్లు దిద్దారు.

అంతా అయిపోయాక, ఇలా తిరిగినందుకు మీకు ఏమైనా ఇస్తారా సార్ అని అమాయకంగా అడిగాము. ఆయన నవ్వి బిల్లు కాగితం చూపించారు. అందులో తేదీ, తరగతి, పీరియడ్, చెప్పిన పాఠం అని గడులున్నాయి. ప్రాజెక్టుకు గడి లేదు. రైలు చార్జీలు కూడా ఆయన జేబులోంచే పోయాయని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడాది ఆయన ఇల్లు గడవక హైదరాబాద్‌లో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. మా తర్వాతి బ్యాచ్ తమ్ముళ్లు కొందరు జిరాక్స్ సెంటర్‌లో తయారుగా దొరికే ప్రాజెక్టు కొని, పేర్లు మార్చి ఇచ్చేశారు. వాళ్లకు మార్కులు వచ్చాయి. తమ ఇంటి లెక్క మాత్రం తెలియలేదు.

ఈ విషయం మీద మా నలుగురికీ చాలాసార్లు వాదం జరిగింది. గురువు అన్నవాడు డబ్బు చూసుకోకూడదని ఒకరం, చూసుకోకపోతే ఆయన పిల్లలు ఏమి తినాలని ఇంకొకరం. మొదటి పక్షం వాళ్లం గిడుగు వారి పేరు తెచ్చాము. ప్రభుత్వం ఇవ్వజూపిన డబ్బునే వద్దన్న మహానుభావుడు కదా అన్నాము. అలా ఆయన జీవితం మొదటి నుంచి చివరి దాకా చదవాల్సి వచ్చింది. చదివాక మా రెండు పక్షాల వాళ్లమూ కొంత మారాము.

గైడు లేని చదువు

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గరలో ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి రెవెన్యూ పనిలో చిన్న ఉద్యోగి. 1875లో తండ్రి జ్వరంతో కన్నుమూసేనాటికి రామమూర్తి గారికి పన్నెండేళ్లు. తండ్రి నీడ పోయిన ఆ పిల్లవాడు విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజా వారి పాఠశాలలో చదువుకున్నారు. పరుల పంచన ఉండి చదువుకోవడం ఎలా ఉంటుందో హాస్టల్లో ఉన్న మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ బడిలోనే గురజాడ అప్పారావు గారు ఆయనకు సహాధ్యాయి. ఆ స్నేహం తర్వాతి కాలంలో తెలుగు భాషకే మేలు చేసింది.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆ ఏడే పెళ్లి కూడా అయింది. ఇల్లు నడవాలి గనుక కాలేజీ మాట పక్కన పెట్టి, 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో నెలకు 30 రూపాయల జీతం మీద చేరారు. పర్లాకిమిడి అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్య పట్టణం.

పగలు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో ప్రైవేటుగా చదువుకున్నారు. 1886లో ఎఫ్.ఏ. ప్యాసయ్యారు. తర్వాత బి.ఏ. కూడా ప్యాసయ్యారు. తమ్ముళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క వేసుకోండి. మెట్రిక్ నుంచి బి.ఏ. దాకా ఎన్నో సంవత్సరాలు పట్టింది. తెలివితేటలు తక్కువై కాదు. పక్కన కూర్చొని దారి చూపే మనిషి లేక, ఉద్యోగం వదిలే వీలు లేక అంత కాలం పట్టింది. గైడు అంటే ఏమిటో, గైడు లేకపోతే ఎన్ని ఏళ్లు కరిగిపోతాయో ఆయనకు అనుభవం మీద తెలుసు.

చరిత్ర పాఠం చెప్పే మాస్టారు గనుక, ముఖలింగం గుడి రాళ్ల మీది శాసనాలు చదవాలని ఆయనకు కోరిక పుట్టింది. పాత లిపులు నేర్పేవారు దగ్గరలో లేరు. ఎవరి సాయమూ లేకుండా తనంతట తానే అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్నారు. కళింగ గంగరాజుల చరిత్ర మీద వ్యాసాలు రాశారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది ఒక సొంత ప్రాజెక్టు. సిలబస్ లేదు, మార్కులు లేవు, గైడు లేడు.

సవరల కోసం

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వారి భాష తెలుగుకు గానీ ఒరియాకు గానీ చుట్టం కాదు. అది ముండా భాషల కుటుంబానికి చెందినది. వారి పిల్లలకు బడి లేదు. ఎక్కడైనా బడి ఉన్నా అందులోని మాట వారికి అర్థం కాదు. సంతలో వ్యాపారి చేతిలో, కచేరీలో గుమాస్తా చేతిలో మోసపోవడం వారికి మామూలైపోయింది. వారికి చదువు చెప్పాలంటే ముందు వారి భాష తాను నేర్చుకోవాలని రామమూర్తి గారు నిశ్చయించుకున్నారు.

తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకొని, ఏళ్ల తరబడి ఆ భాష నేర్చుకున్నారు. పెద్ద చదువు చదివిన పంతులు గారు బడి మొహం చూడనివారి ముందు శిష్యుడై కూర్చున్నారు. ఆ మనిషి తిండి, బస అన్నీ ఆయన ఖర్చే. తర్వాత సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించి, అక్కడ చెప్పే అధ్యాపకులకు జీతాలు కూడా తానే ఇచ్చారు.

ఇక్కడే మా వాదంలో రెండో పక్షానికి మొదటి జవాబు దొరికింది. రామమూర్తి గారు తాను చేసిన పనికి కూలి అడగలేదు, నిజమే. కానీ తాను పెట్టిన బడుల్లో పాఠం చెప్పేవారిని ఉచితంగా చెప్పమనలేదు. తాను జీతగాడై ఉండి కూడా ఇంకొకరికి జీతం ఇచ్చారు. సేవ అనేది తన వరకు పెట్టుకునే నియమమని, ఎదుటివాడి పొట్ట మీద రుద్దే నియమం కాదని ఆయనకు తెలుసు.

ఆయన కట్టిన మూల్యం డబ్బుతో అయిపోలేదు. ఆ కొండలు మలేరియాకు నెలవు. సవర గూడేలకు తిరిగి తిరిగి ఆయన జ్వరాల పాలయ్యారు. ఆ రోజుల్లో మలేరియాకు క్వినైనే మందు. అది వాడి వాడి ఆయనకు చెముడు వచ్చింది. మాటల ధ్వనులు విని రాసుకునే మనిషికి వినికిడి పోవడం కన్నా పెద్ద నష్టం ఏముంటుంది? దానికి ఏ బిల్లులో గడి ఉంటుంది? అయినా ఆయన పని మానలేదు. భాషాశాస్త్రంలో కొత్తగా వస్తున్న పుస్తకాలు తెప్పించుకొని చదివి, ఆ శాస్త్ర పద్ధతిలో సవర భాషకు వ్యాకరణం రాశారు. దాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చు వేసింది. సవర – ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి ఆయన వయసు 75 ఏళ్లు.

వద్దన్న బహుమానం

సవర వాచకాలు చూసి మద్రాసు ప్రభుత్వం వారు సంతోషించి, ఆయనకు ధన రూపంలో బహుమానం ఇస్తామన్నారు. రామమూర్తి గారు తనకు వద్దన్నారు. ఆ సొమ్ముతో సవర పిల్లలకు మంచి బడి పెట్టమని కోరారు. ఈ కథ మన పాఠ్య పుస్తకాల్లోనూ సభల్లోనూ విన్నదే. కానీ చెప్పేవాళ్లు సగం దగ్గర ఆపేస్తారు. డబ్బు వద్దన్నాడు, ఎంత గొప్పవాడో అని చప్పట్లు కొడతారు. మా మొదటి పక్షం వాళ్లమూ అంతే చేశాము.

మిగతా సగం ఏమిటంటే, ఆయన డబ్బును వద్దనలేదు. డబ్బు వెళ్లే దారిని మార్చారు. బడి అంటే నాలుగు గోడలు కాదు. పలకలు, పుస్తకాలు, రోజూ వచ్చి చెప్పే మాస్టారు, ఆ మాస్టారికి నెల తిరిగేసరికి జీతం. ఒక మనిషికి ఒకసారి ఇచ్చే బహుమానం ఆ మనిషితో ముగిసిపోతుంది. బడికి ఇచ్చే డబ్బు ఏటా కొత్త పిల్లలకు అందుతుంది. తన జేబులోంచి అధ్యాపకులకు జీతాలు ఇచ్చినవాడు గనుక, ఒక్కడి త్యాగం మీద బడి ఎంతో కాలం నిలవదని ఆయనకు బాగా తెలుసు.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. అది వద్దనే నాటికి ఆయనకు నెల జీతంతో మూడు పదుల సంవత్సరాల ఉద్యోగ జీవితం ఉంది. 1911లో ఉద్యోగ విరమణ చేశారు. స్థిరమైన ఆధారం ఉన్నవాడు వద్దంటే అది త్యాగం. పీరియడ్ లెక్కన బతికే మా సార్ లాంటివారిని, గిడుగు వారిని చూసి నేర్చుకో, ఉచితంగా చెయ్యి అంటే అది దోపిడీ. ఈ రెండూ ఒకటి కాదు. వద్దనే హక్కు ఇవ్వాల్సిన సొమ్ము ముందు పెట్టినప్పుడే వస్తుంది.

1913లో ప్రభుత్వం ఆయనకు రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. తర్వాత కైజర్-ఇ-హింద్ పతకం కూడా వచ్చింది.

పిల్లల పక్షాన భాష

ఆయన వాడుక భాషా ఉద్యమం కూడా బడి పిల్లల కష్టంలోంచి పుట్టిందే. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ గారికి, మాట్లాడే తెలుగుకు, పుస్తకాల తెలుగుకు ఇంత తేడా ఎందుకనే సందేహం వచ్చింది. ఆ చర్చ రామమూర్తి గారిని కదిలించింది. గురజాడ వారు, ఆయన కలిసి నడిచారు. ఇంట్లో వినని, బజారులో వినని భాషలో జవాబు రాయమంటే బీద ఇంటి పిల్లలే ముందుగా వెనకబడతారని ఆయన వాదన. పండితులు ఆయనను చాలా తిట్టారు. స్కూల్ ఫైనల్ వ్యాసాలు వాడుక భాషలో రాసుకోవచ్చునని వచ్చిన వెసులుబాటు కూడా పండితుల ఒత్తిడితో కొద్ది కాలానికే పోయింది. ఆయన వెనక్కి తగ్గలేదు. పాత గ్రంథాల నుంచే ఆధారాలు తీసి చూపించారు. 1919లో తెలుగు అనే మాసపత్రికను నడిపారు. ఊరూరా సభలు పెట్టారు. ఈ రోజు మనం పరీక్ష పేపర్ మీద మన మాటల్లో జవాబు రాస్తున్నామంటే, ఈ సంచికలో ఈ వ్యాసం ఇలా రాసుకోగలుగుతున్నామంటే అందులో ఆయన కష్టం ఉంది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. జీవితమంతా గడిపిన ఊరిని విడిచి ఆయన రాజమండ్రి వచ్చారు. పెద్ద కుమారుడు గిడుగు వెంకట సీతాపతి గారు తండ్రి బాటలోనే సాహిత్యంలోనూ సవర భాషలోనూ కృషి చేశారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రామమూర్తి గారిని కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 22న మద్రాసులో ఆయన కన్నుమూశారు. చివరి రోజుల్లో కూడా పత్రికలవారిని కలిసి వాడుక భాషనే వాడమని కోరారు.

ఇప్పటి లెక్క

మరి ఇప్పుడు కాలేజీల్లో ఈ లెక్క ఎలా ఉంది? రెగ్యులర్ అధ్యాపకులకు ప్రాజెక్టు గైడు చేసినందుకు వేరే జీతం ఉండదు. అది ఉద్యోగంలో భాగమే అంటారు. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, ప్రొఫెసర్‌కు 14 గంటలు నేరుగా పాఠం చెప్పాలని ఉంది. ఆ నిబంధనల్లోనే పరిశోధన స్కోరు పట్టిక ఒకటుంది. విద్యార్థికి పి.హెచ్‌డి. వస్తే గైడుకు 10 పాయింట్లు, పి.జి. డిజర్టేషన్‌కు 2 పాయింట్లు. అంటే డబ్బు కాకపోయినా ప్రమోషన్ దారిలో పెద్ద చదువుల గైడుకు కొంత గుర్తింపు ఉంది. డిగ్రీ పిల్లల ప్రాజెక్టుకు ఆ పట్టికలో చోటు లేదు. మన రాష్ట్రంలో కళాశాల విద్యాశాఖ వారు జిజ్ఞాస పేరుతో డిగ్రీ విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టుల పోటీలు పెడుతున్నారు. అది సంతోషం. కానీ పీరియడ్ లెక్కన బతికే గెస్ట్ లెక్చరర్‌కు ప్రమోషన్ అనే మాటే లేదు. ఆయనకు పాయింట్లతో పని లేదు, గంటతోనే పని.

బయటి దేశాల్లోనూ ఇది తేలిన సంగతి కాదు. అమెరికాలో ఒక్కో విశ్వవిద్యాలయానిది ఒక్కో పద్ధతి. కొన్ని చోట్ల ఒక్కో విద్యార్థికి ఇంత అని చిన్న మొత్తం ఇస్తారు. కొన్ని చోట్ల గైడు చేసిన గంటలను కూడబెట్టి, కొన్నాళ్లకు ఒక కోర్సు భారం తగ్గిస్తారు. చాలా చోట్ల ఏమీ ఇవ్వరు, మంచి మనసు మీదే నడిపిస్తారు. మంచి మనసు మీద నడిచే పని అలసిపోయిన రోజున ఆగిపోతుంది. అప్పుడు నష్టపోయేది డబ్బున్న ఇంటి పిల్లవాడు కాదు. వాడికి ఇంట్లో చదువుకున్న అన్నయ్యో బాబాయో ఉంటాడు. నష్టపోయేది మనమే.

మన వంతు

రామమూర్తి గారి జీవితం చదివాక మేము నలుగురం ఒక మాట మీదికి వచ్చాము. గురువు డబ్బు అడగకపోవచ్చు, అది ఆయన గొప్పతనం. ఆయన గంటను లెక్కలో రాయకపోవడం మాత్రం మన తప్పు, వ్యవస్థ తప్పు. బిల్లు కాగితంలో ప్రాజెక్టుకు ఒక గడి పెట్టమని పూర్వ విద్యార్థులందరం కలిసి అధికారులకు వినతి పత్రం రాద్దాము. దాని మీద మీరందరూ సంతకాలు చేయాలని కోరుతున్నాము.

అది వచ్చేదాకా మన వంతు ఒకటుంది. ఉద్యోగాల్లో ఉన్న మేము, మాలాంటి మిత్రులు, నెలకు ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్ల ప్రాజెక్టులు చూస్తాము. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏమి అడగాలో కూర్చొని చెబుతాము. మాకు జీతం ఉంది గనుక మేము డబ్బు వద్దంటాము. కానీ ఉద్యోగం లేని మన మిత్రుడెవరైనా వచ్చి చెబితే ఆయనకు రైలు చార్జీ, భోజనం, ఆ రోజు కూలి పూర్వ విద్యార్థుల నిధి నుంచి ఇవ్వాలి. ఇచ్చినట్లు రిజిస్టర్‌లో రాయాలి. ఎవరు వచ్చారు, ఎన్ని గంటలు కూర్చున్నారు అన్నది కూడా రాయాలి.

తమ్ముళ్లూ, జిరాక్స్ సెంటర్ ప్రాజెక్టు కొనకండి. మీ ఇంటి లెక్క, మీ వాడ లెక్క, మీ ఊరి చెరువు లెక్క మీరే రాయండి. రాసింది దిద్దేవారు దొరికితే, వారు మీ కోసం ఎంత దూరం నుంచి వచ్చారో, ఏమి వదులుకొని వచ్చారో ఒక్కసారి అడిగి తెలుసుకోండి. వచ్చే ఆగస్టు 29న గిడుగు వారి పటానికి దండ వేసేటప్పుడు ఆ మనిషిని కూడా పిలిచి, మన మధ్య కూర్చోబెట్టుకుందాము.

ఇట్లు
పూర్వ విద్యార్థులు